విక్టోరినాక్స్ జేబు కత్తికి సొంత పిడి చెక్కలు, టూల్స్‌లో మార్పులు: ఇంట్లో ఎంతవరకు చేయొచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: 91 మి.మీ. పొడవున్న విక్టోరినాక్స్ హంట్స్‌మన్ మోడల్ కత్తి ఉంది, ఒక పక్క ఎర్ర ప్లాస్టిక్ పిడి పగిలింది. మీది కడప జిల్లా కాబట్టి ఎర్రచందనంతో పిడి చెక్కలు చేసి వేసుకోవాలని ఉంది. ఎప్పుడూ వాడని కార్క్‌స్క్రూ తీసేసి అక్కడ స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టాలని కూడా ఉంది. ఇంట్లో ఉన్నవి చిన్న చేతి డ్రిల్లు, నాలుగు ఆకురాళ్లు, ఒక హాక్సా.

ముందు సూటిగా చెప్పేస్తాను. పిడి చెక్కలు నిక్షేపంగా ఇంట్లోనే చేసుకోవచ్చు. ఉన్న టూల్స్‌ని అరగదీసి మీకు కావలసిన ఆకారానికి తెచ్చుకోవడం కూడా కుదురుతుంది, వేడెక్కకుండా చూసుకుంటే. కార్క్‌స్క్రూ తీసి ఇంకోటి పెట్టే పని మాత్రం ఈ కత్తి మీద మొదలుపెట్టకండి. ఎర్రచందనం ఆలోచన పూర్తిగా మానేయండి, కారణం కింద చెప్తాను.

నేను బాలానగర్ టూల్‌రూముల్లో చాలాకాలం ఫిట్టర్‌గా చేశాను. ఈ కత్తుల పని సరదాగా మొదలై ఇప్పుడు తెలిసినవాళ్లందరి కత్తులూ నా బల్ల మీదే ఉంటున్నాయి. కాబట్టి కింద రాసేది పని చేసే పద్ధతి. అందంగా ఫొటోలు తీసే పద్ధతి వేరే ఉంటుంది, అది నాకు రాదు.

కత్తి లోపల ఏముందో ముందు తెలియాలి. హంట్స్‌మన్‌లో నాలుగు పొరలు. బ్లేడ్లు ఒక పొర, ఓపెనర్లు ఒకటి, కత్తెర ఒకటి, రంపం ఒకటి. పొరకీ పొరకీ మధ్య పలుచని అల్యూమినియం రేకు, వీపు వైపు స్టీలు స్ప్రింగులు. వీటన్నిటినీ ఇత్తడి రివెట్లు అడ్డంగా గుచ్చి పట్టుకుంటాయి. రివెట్ల తలలు రెండు పక్కలా కొంచెం బయటికి పొడుచుకుని ఉంటాయి. ఎర్ర ప్లాస్టిక్ పిడికి లోపల గుంటలు ఉండి, అవి ఆ తలల మీద ప్రెస్ బటన్‌లాగా నొక్కుకుంటాయి. అంటే పిడి తీసినా కత్తి విడిపోదు. ఇది తెలియక చాలామంది పిడి ముట్టుకోవడానికే భయపడతారు.

ఈ మాట పిడి ప్లాస్టిక్‌గా ఉన్న మోడళ్లకే. 93 మి.మీ. ఆలాక్స్ (అల్యూమినియం పిడి) రకాల్లో పక్క రేకులు కూడా రివెట్లతోనే బిగించి ఉంటాయి కాబట్టి అవి ఊడిరావు. లెదర్‌మన్ కత్తుల్లో ఎక్కువ మోడళ్లు టార్క్స్ (ఆరు కోణాల నక్షత్రం గుంట ఉన్న) స్క్రూలతో విప్పదీసేలా ఉంటాయి, వాటి సంగతి వేరు.

పాత పిడి తీయడం: ముందు పిడిలో దూర్చి ఉండే పళ్ల పుల్ల, చిమటా బయటికి తీసేయండి. కత్తిని చెయ్యి పెట్టగలిగేంత వేడి నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచితే ప్లాస్టిక్ కాస్త మెత్తబడుతుంది. పాత ఏటీఎం కార్డో, పలుచని పుట్టీ బ్లేడో రేకుకీ పిడికీ మధ్య దూర్చి, రివెట్ దగ్గరికి జరిపి నెమ్మదిగా లేపండి. ఒకచోటే బలంగా ఎత్తితే అల్యూమినియం రేకు వంగుతుంది. అది వంగితే పక్కనున్న టూల్ పట్టేస్తుంది. అసిటోన్ పోసి జిగురు కరిగిద్దాం అనుకోవద్దు. అక్కడ జిగురు లేదు, పైగా ఆ ప్లాస్టిక్ అసిటోన్‌కి కరిగిపోతుంది, బాగున్న రెండో పక్క పిడి కూడా పాడవుతుంది. తీసిన పిడిని పారేయకండి, మీ కొత్త చెక్కకి అదే నమూనా.

ఇప్పుడు చెక్క. ఎర్రచందనం పిడికి అద్భుతంగా పనికొచ్చే కర్రే. గట్టిది, బరువైనది, మెరుగు బాగా తీసుకుంటుంది. కానీ శేషాచలం అడవుల కర్ర చుట్టూ ఉన్న కేసుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అటవీశాఖ కాగితం లేని ముక్క అరచేతిలో పట్టేదైనా ఇంట్లో ఉంచుకోవద్దు. అంతర్జాతీయంగా కూడా సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న చెట్టు అది. ఆ కత్తి సామానులో వేసుకుని అమెరికాలో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్తే అక్కడ ఇంకో తలనొప్పి. జింక కొమ్ము, దుప్పి కొమ్ము పెడతాం అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. అడవిలో రాలిపడి దొరికిందే అయినా 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరమే. ఏనుగు దంతం గురించి వేరే చెప్పను.

మీ దగ్గర ఇంతకంటే మంచివి ఉన్నాయి. నా మొదటి ఓటు చింత చేవకి. ముదురు చెట్టు నడుమ ఉండే నల్లటి ఊదా రంగు భాగం. పాత రోకలి ముక్కో, విరిగిన పనిముట్టు పిడో దొరికితే చాలు, రెండు చెక్కలు వస్తాయి. ఏళ్ల తరబడి ఎండి ఉంటుంది కాబట్టి తర్వాత వంకర పోదు. రెండోది నల్లతుమ్మ చేవ. బండి చక్రాలకి వాడిన కర్ర, జేబులో తాళాల రాపిడి దానికి లెక్కే కాదు. జిట్టేగి కావాలంటే పాత కుర్చీ కాలు, పాత తలుపు ముక్క వెతకండి. టేకు సులువుగా దొరుకుతుంది కానీ మెత్తన, పైగా నూనె కర్ర. అతికించే ముందు అసిటోన్‌తో తుడవకపోతే జిగురు పట్టు వదిలేస్తుంది. కొండపల్లి బొమ్మల పొణికి కర్ర, ఏటికొప్పాక అంకుడు కర్ర చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ జేబు కత్తికి వద్దు. పొణికికైతే గోరు నొక్కితేనే గుంట పడుతుంది.

గేదె కొమ్ము కూడా మంచి సరుకు. మెరుగు పెడితే నల్లరాయిలా ఉంటుంది. కాకపోతే సాన పెట్టేటప్పుడు జుట్టు కాలిన కంపు ఇల్లంతా నిండుతుంది, ఇంట్లోవాళ్లు ఊరెళ్లినప్పుడు చేసుకోండి. వాడకుండా డ్రాయర్‌లో పెట్టేస్తే పురుగు పడుతుంది కూడా.

తేమ గురించి ఒక్క మాట. కాకినాడ నుంచి ఒకాయన టేకు పిడి వేయించుకుని వెళ్లారు. హైదరాబాద్ వేసవిలో ఎండిన చెక్క అది. అక్కడ వర్షాకాలంలో ఉబ్బి రేకు అంచు దాటి బయటికి వచ్చింది, గోటికి తగిలేంత. మళ్లీ అరగదీసి సర్దాం. కర్ర ఉబ్బేది పోగుకి అడ్డంగానే, పొడవునా దాదాపు ఏమీ ఉండదు. అందుకే పోగు కత్తి పొడవునా ఉండేలా కొయ్యండి, కోసిన ముక్కని మీ ఊళ్లోనే కొన్ని వారాలు గాలికి ఉంచి తర్వాత పని మొదలుపెట్టండి.

తేమ బెడద అసలే వద్దనుకుంటే ఇంట్లో చేసే మైకార్టా (గుడ్డ పొరల్ని రెజిన్‌తో అతికించిన పలక) ఉంది, సముద్రం పక్క ఊళ్లవాళ్లకి నేను ఇదే చెప్తున్నాను. పాత నూలు లుంగీ, చేనేత తువ్వాలు, జీన్స్ ప్యాంటు ఏదైనా సరే, నూలుదై ఉండాలి. ముక్కలు కోసి, ఒక్కొక్క పొరకీ ఎపాక్సీ రెజిన్ బాగా ఇంకేలా పూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పాలిథీన్ చుట్టిన రెండు పలకల మధ్య బిగించి ఒకరోజు వదిలేయాలి. ఎన్ని పొరలనేది గుడ్డ మందాన్ని బట్టి. నొక్కాక మూడున్నర మిల్లీమీటర్లు వచ్చేలా చూసుకోండి. గళ్ల లుంగీతో చేసింది అరగదీస్తే లోపలి పొరలు కొండ మీది మడుల్లా బయటపడతాయి. చేతికి గ్లౌజులు తప్పనిసరి, ఎపాక్సీ కొందరి చర్మానికి పడదు.

అసలు కిటుకు గుంటల దగ్గర ఉంది. చెక్క ముక్కలు రెండూ ఒకే కర్రలోంచి, మూడు మిల్లీమీటర్ల మందం, చుట్టూ రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేలా కోసుకోండి. లోపలి ముఖం అద్దం మీద ఎమరీ పేపర్ పరిచి బల్లపరుపుగా రుద్దండి. ఇప్పుడు రివెట్ తలలు ఎక్కడ తగులుతాయో గుర్తు కావాలి. కొలతలు తీసి గీస్తే అర మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది. దానికంటే కుంకుమలో నాలుగు చుక్కల నూనె కలిపి రివెట్ తలలకి పలుచగా రాసి, చెక్కని సరిగ్గా పెట్టి ఒక్కసారి నొక్కండి. ఎర్రటి చుక్కలు చెక్క మీదికి వచ్చేస్తాయి. నల్ల కర్రకి కుంకుమ కనబడకపోతే విభూతి.

ఆ చుక్కల దగ్గర గుంటలు తొలవాలి, ఇక్కడే ఎక్కువ చెక్కలు పోతాయి. మామూలు డ్రిల్ బిట్ కొస కోణంగా ఉంటుంది. అయిదు మిల్లీమీటర్ల బిట్ అయితే ఆ కొసే దాదాపు మిల్లీమీటరున్నర. గుంట పూర్తి వెడల్పుతో ఒక మిల్లీమీటరు లోతు రావాలంటే కొస రెండున్నర దాకా దిగుతుంది. మీ చెక్క మందమే మూడు. పై నుంచి అరగదీసేసరికి అవతల వెలుతురు కనబడుతుంది. కాబట్టి ఒక పాత బిట్ కొసని గ్రైండర్ మీద చదునుగా చేయించుకోండి. ముందు మామూలు బిట్‌తో కొద్దిగా గుర్తు పెట్టి, తర్వాత ఈ చదును బిట్‌తో నెమ్మదిగా తొలవండి. లోతు దాటకుండా బిట్‌కి టేపు చుట్టుకోండి. బిట్ సైజు నన్ను అడగొద్దు, మీ రివెట్ తలని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి దానికంటే అర మిల్లీమీటరు పెద్దది తీసుకోండి.

పుల్ల, చిమటాకి గాళ్లు కావాలంటే ఒక సులువు ఉంది. చెక్కని రెండు పలుచని పొరలుగా చేయండి. లోపలి పొరలో గాడి ఆకారం వంపులు కోసే సన్నని రంపంతో ఆరపారా కోసేసి, దాని మీద పై పొర అతికించండి. మిల్లింగ్ మెషిన్ లేనివాళ్లకి ఇంతకంటే శుభ్రమైన దారి నాకు కనబడలేదు. నన్నడిగితే పుల్ల వదిలేసి చిమటా ఒక్కటే ఉంచుకోండి. తుమ్మ ముల్లు తీయడానికి పనికొచ్చేది అదే.

అతికించడం. చెక్క పెళుసు కాబట్టి ప్లాస్టిక్‌లాగా నొక్కితే పట్టుకోదు, జిగురు కావాలి. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం కాకుండా, ఒకరోజు పట్టే మామూలు అరాల్డైట్ వాడండి. అల్యూమినియం రేకుని గరుకు ఎమరీతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఆ గంటలోనే అతికించాలి. ఆలస్యమైతే దాని మీద మళ్లీ ఆక్సైడ్ పొర పేరుకుంటుంది. టూల్స్ మడతల్లోకి జిగురు కారకుండా ముందే అక్కడ వ్యాజిలైన్ నింపండి, కానీ రేకు ముఖానికి అంటకూడదు. గుంటల్లో జిగురు నిండుగా వేయండి, అది రివెట్ తల కిందికి చేరి గట్టిపడి కొక్కెంలా పట్టుకుంటుంది. క్లాంపుని మరీ బిగించొద్దు. బలమంతా పెడితే జిగురు మొత్తం బయటికి వచ్చేసి లోపల ఏమీ మిగలదు. చుట్టూ సన్నగా ఒక గీత కారితే చాలు.

మర్నాడు పక్కల్ని రేకు అంచుదాకా ఆకురాయితో తెచ్చి, అంచుల్ని గుండ్రం చేయండి. 120, 220, 400, 800 నంబర్ల కాగితాలు వరసగా. గోరుతో బ్లేడు తెరిచే చోట చెక్క అడ్డం రాకుండా చిన్న వంపు ఇవ్వాలి, ఇది చాలామంది మరిచిపోతారు. ముక్కుకి మంచి మాస్కు కట్టుకోండి, జిట్టేగి పొడి కొందరికి దద్దుర్లు తెస్తుంది.

పైపూతకి కొబ్బరి నూనె, ఆముదం వద్దు. అవి ఎప్పటికీ ఆరవు, జేబులో దుమ్మంతా అంటించుకుంటాయి. అవిసె నూనె గాలికి ఆరి పొరలా గట్టిపడుతుంది. పలుచగా రాసి తుడిచేసి, రోజుకో పూత చొప్పున నాలుగైదు. ఆ తుడిచిన గుడ్డని మాత్రం ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డ దానంతట అదే అంటుకోవచ్చు. విప్పి దండెం మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

ఇక టూల్స్ మార్చడం. విక్టోరినాక్స్ వాళ్లు చెప్పే గట్టిదనం లెక్క ఒకటి ఉంది. రాక్‌వెల్ సి స్కేలు మీద బ్లేడు 56, కత్తెర, రంపం 53, స్క్రూడ్రైవర్లు, ఓపెనర్లు, దబ్బనం 52, కార్క్‌స్క్రూ, స్ప్రింగులు 49. దీన్నిబట్టే ఏది దేనితో అరుగుతుందో తేలిపోతుంది. ఓపెనర్ల కొసల్ని కొత్త ఆకురాయితో కష్టపడితే అరగదీయొచ్చు. బ్లేడు దగ్గర ఆకురాయి జారిపోతుంది, డైమండ్ ఆకురాయో సానరాయో కావాలి.

అసలు శత్రువు వేడి. ఆ బ్లేడ్లకి పదును నిలిచేలా ఇచ్చిన చివరి వేడి సుమారు 160 డిగ్రీలే. బెంచ్ గ్రైండర్ మీద సన్నని కొస రెండు సెకన్లు ఆనిస్తే అంతకు మించి చాలా దాటిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు రంగు ఆలస్యంగా మారుతుంది కాబట్టి నీలం కనబడేసరికి పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఒక కుర్రాడు తెచ్చిన కత్తిలో చిన్న బ్లేడు ఇలాగే పోయింది. ఎంత సాన పట్టినా రెండు అట్టపెట్టెలు కోసేసరికి మొండి. దాన్ని మళ్లీ గట్టిపరచాలంటే వెయ్యి డిగ్రీల పైన కొలిమి, కత్తి మొత్తం విప్పడం. కాబట్టి చేత్తోనే రుద్దండి. డ్రెమెల్ లాంటి చిన్న చేతి గ్రైండర్ వాడితే వేళ్లు ఆ లోహం మీదే ఉంచండి. వేలికి చురుక్కుమంటే నీళ్లలో ముంచండి.

నేను ఎక్కువగా చేసే మార్పులు చిన్నవి. డబ్బా మూత తీసే టూల్ కొస చిన్న స్క్రూడ్రైవర్. దాని వెడల్పు కాస్త తగ్గించి మూలలు చెక్కితే స్టార్ స్క్రూలకి చక్కగా కూర్చుంటుంది. మీకు స్టార్ స్క్రూడ్రైవర్ కావాలన్నారు కదా, సగం సమస్య ఇక్కడే తీరిపోతుంది. చిన్న బ్లేడు ఎవరూ వాడరు. తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకాయనకి దాని కొసని అడ్డంగా చదును చేసి ఉలిలా పదును పెట్టి ఇచ్చాను. వైరు తొక్క తీయడానికి, టేపు గీకడానికి అదే వాడుతున్నారు, పెద్ద బ్లేడు పదును అలాగే మిగిలింది. కొస ఆకారం మార్చినప్పుడు మూసి చూడండి, పైకి పొడుచుకు రాకూడదు. బ్లేడు మొదట్లో, మూసినప్పుడు స్ప్రింగు మీద ఆనే మొండి భాగాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అది అరిగితే బ్లేడు ఇంకా లోపలికి దిగి, పదునైన అంచు స్ప్రింగుకి కొట్టుకుంటుంది.

కార్క్‌స్క్రూ. మన ఇళ్లలో సీసా బిరడా తీసే అవసరం తక్కువే, ఒప్పుకుంటాను. కానీ బిగుసుకుపోయిన తాడు ముడి విప్పడానికి దానికి సాటి లేదు. కళ్లజోడు స్క్రూలకి విక్టోరినాక్స్ వాళ్లదే చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి ఉంది, ఆ మెలికల్లోకే తిరిగి కూర్చుంటుంది. అది కొనుక్కుని కార్క్‌స్క్రూని బతకనివ్వండి.

అయినా తీయాల్సిందే అంటే చేయాల్సింది ఇదీ: రివెట్ తలలు అరగదీసి, పంచ్‌తో కొట్టి బయటికి తీసి, పొరలన్నీ విడదీసి, ఇంకో పాత కత్తిలోంచి తీసిన స్టార్ టూల్ పెట్టి, కొత్త ఇత్తడి కడ్డీ గుచ్చి, రెండు పక్కలా సుత్తితో చిన్నచిన్న దెబ్బలతో తల కట్టాలి. చదివితే నాలుగు ముక్కలే. చేసేటప్పుడు స్ప్రింగులు ఎదురు తంతాయి. తల ఒక దెబ్బ ఎక్కువ పడితే టూల్స్ అన్నీ బిగుసుకుంటాయి, తక్కువైతే బ్లేడు ఊగుతుంది. ఆ మధ్యస్థం చేతికి తెలియాలి, రాసి చెప్పలేను. ఇత్తడి కడ్డీలు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరుకుతాయి, వెర్నియర్ తీసుకెళ్లి కొలిచి కొనండి, చిన్న తేడా వచ్చినా ఊగులాటే. ముందు తుప్పు పట్టిన సెకండ్‌హ్యాండ్ కత్తి ఒకటి కొని దాన్ని విప్పి మళ్లీ బిగించండి. అది సులువుగా తెరుచుకుని, టక్కుమని మూసుకున్న రోజు హంట్స్‌మన్ జోలికి వెళ్లండి.

ఇంకో రెండు విషయాలు. కత్తిలో మార్పు చేశాక కంపెనీ గ్యారంటీ వర్తించదు. లోపం మీ వల్ల కాదని నిరూపించలేరు కూడా. ఓపిక లేకపోతే ఒరిజినల్ పిడి జత విడిగా దొరుకుతుంది, నొక్కితే కూర్చుంటుంది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. విమానంలో చేతి సంచిలో మాత్రం పెట్టుకోకండి. సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటే మీ చింత చేవ పిడితో సహా పోయినట్టే. చెక్ఇన్ సామానులో వేయండి.

పగిలిన పిడి తీశాక రివెట్ తలలు కనబడేలా రెండు పక్కలా ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి ఇక్కడే పోస్ట్ చేయండి. తల వెడల్పు, ఎత్తు కూడా రాయండి. గుంట లోతు ఎంత పెట్టాలో, మీ చెక్క మందం సరిపోతుందో చూసి చెప్తాను.